వేలికి సెన్సరు పెట్టుకుని, గుండె లయను తెరమీద చూస్తూ చేసే నెమ్మది శ్వాస సాధనకు కూర్చునే ముందు

• గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారు, పేస్‌మేకర్ పెట్టుకున్నవారు ముందు డాక్టరును అడగాలి. వారి విషయంలో తెరమీద కనిపించే అంకెలను నమ్మలేం.

• భోజనం, కాఫీ అయిన వెంటనే వద్దు. వాహనం నడుపుతూ అసలే వద్దు.

• చేతులు రుద్ది వెచ్చబరచుకోండి. చల్లటి వేలి నుంచి సెన్సరుకు నాడి సరిగా అందదు. వేలు కదిలినా తెరమీద నాడి గీత ఎగిరిపడుతుంది. పాపం, అందులో గుండె తప్పేమీ లేదు.

• ఈ సాధనలో లక్ష్యం నిమిషానికి 6 శ్వాసలు, అంటే ఒక్కోదానికి 10 సెకన్లు. నెమ్మదిగా అంటే ఛాతీ నిండా పీల్చడమని చాలామంది పొరబడతారు. అలా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. వెంటనే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి.

• ఆరు కుదరకపోతే ఏడుతో మొదలుపెట్టండి. పంతం పట్టకండి.