కాలనీలో సొంత బోర్లు, సొంత ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు): ఏ సమస్యకు ఎక్కడ వెతకాలి

ఇళ్లలో జనం చేరాక వచ్చే నీళ్ల గొడవల్లో చాలావాటి మూలం ప్లానింగ్ లెక్కల్లోనే ఉంటుంది. మెకానిక్‌ని పిలిచేముందు ఆ కాగితాలు ఓసారి బయటికి తీయండి.

మొదట్లో బాగా పోసిన బోరు, ఇళ్లు నిండాక కాసేపటికే గాలి కక్కుతోంది

అందరూ చేసే పని పెద్ద మోటారు దించడం, దాంతో బోరు ఇంకా త్వరగా ఎండుతుంది. బోరు వేసిన రోజు కాసేపు పోసిన ధారనే ఊట అనుకుని లెక్క వేసి ఉంటారు. నీటి మట్టం బాగా అడుగున ఉండే కాలంలో కనీసం 24 గంటలు, కుదిరితే 72 గంటలు ఆపకుండా తోడి, మట్టం ఎంత దిగిందో, ఆపాక ఎంతసేపటికి పైకొచ్చిందో రాసుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. ఆ ఊటకు తగ్గట్టు చిన్న మోటారు పెట్టి ఎక్కువ గంటలు నడపండి, సంపు పెంచండి. పొద్దున్నే వాడకం సగటుకు రెండు మూడు రెట్లు ఉంటుంది కాబట్టి ఆ బరువు మోయాల్సింది సంపే. ఒక బోరు నడుస్తుంటే పక్కదాని మట్టం కూడా దిగుతోందా? రెండూ ఒకే నీటిని లాగుతున్నాయి, మూడోది అక్కడే వేస్తే డబ్బు దండగ.

పై అంతస్తులో సన్నధార

10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి దాదాపు 1 బార్ ప్రెషర్ వస్తుంది, ట్యాంకు కిందే ఉన్న ఇంటికి అందేది అందులో ఏ నాలుగో వంతో. పై రెండు అంతస్తులకు ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు పెడితే సరి.

ఎస్టీపీ కంపు కొడుతోంది

కుళ్లిన గుడ్డు వాసన, నల్లటి నీళ్లు అంటే గాలి అందట్లేదని. కరెంటు బిల్లు తగ్గిద్దామని రాత్రిళ్లు గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తున్నారేమో ముందు అడగండి, చాలాచోట్ల ఇదే కథ! ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊదే ట్యాంకు) కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. తెల్లటి నురగ పొంగుతుంటే మాత్రం మురుగును తినే బ్యాక్టీరియా ఇంకా సరిగా పెరగలేదని అర్థం, కొత్త ప్లాంట్లలో మామూలే. బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి స్లడ్జ్ (బ్యాక్టీరియా ఉన్న మడ్డి) తెచ్చి పోస్తే త్వరగా దారికొస్తుంది. ఇళ్లు పావువంతే నిండి, ప్లాంటు మొత్తానికీ కట్టేసి ఉంటే మురుగు చాలక బ్యాక్టీరియాకు తిండి ఉండదు. ఒకే పెద్ద ట్యాంకు బదులు రెండు వరుసలు కట్టి మొదట ఒకటే నడిపే ప్లాను అందుకే.

మ్యాన్‌హోళ్లు పొంగుతున్నాయి

వానకే పొంగితే ఎవరో డాబా నీళ్లు మురుగు లైనులో కలిపారు. లైనులోకి పొగ ఊదితే ఏ డాబా పైపులోంచి వస్తుందో తెలిసిపోతుంది, ఆ కనెక్షన్ విడదీయండి. ఎండలోనూ అదే మ్యాన్‌హోల్ పొంగితే లెవెల్ పెట్టి వాటం చూడాలి. నీరు సెకనుకు 0.6 మీటర్ల వేగమైనా అందుకోకపోతే మడ్డి పేరుకుంటుంది, ఎన్నిసార్లు జెట్టింగ్ (ప్రెషర్‌తో నీళ్లు కొట్టి కడగడం) చేయించినా మళ్లీ అంతే. ఆ ముక్క తవ్వి తిరిగి వేయాల్సిందే.

సెప్టిక్ ట్యాంకు తోడించిన కొద్ది రోజులకే నిండింది

గొట్టం మట్టం వరకు నిండి ఉండటం ట్యాంకు సహజం, దానికి టెన్షన్ పడక్కర్లేదు. తోడాక బయటికెళ్లే గొట్టంలోంచి నీళ్లు వెనక్కొస్తుంటే ఆ నీళ్లు భూమిలోకి ఇంకే చోటు (ఇంకుడు ప్రాంతం) మూసుకుపోయింది. దాన్ని కొన్నాళ్లు ఆరనిచ్చి రెండోదానికి మళ్లించండి. రెండోది లేకపోతే, కొత్త చోట మట్టి ఎంత త్వరగా నీరు పీలుస్తుందో పరీక్షించి, బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో కట్టండి. ఈలోగా బోరు నీళ్లలో నైట్రేట్, ఈ-కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) పరీక్ష చేయించండి. నైట్రేట్ లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పసిపిల్లల పాలలో కలపొద్దు, కాచినా అది పోదు.