ల్యాబ్‌వ్యూ ఎగ్జిక్యూటబుల్‌లో క్లాస్ ఫైలు దొరకకపోతే ఏమి చేయాలి?

ల్యాబ్‌వ్యూ అంటే బొమ్మలను తీగలతో కలిపి ప్రోగ్రాములు రాసే సాఫ్ట్‌వేర్. అందులో ప్రాజెక్టులో చక్కగా నడిచిన ప్రోగ్రామే, బిల్డ్ చేసి (విడిగా నడిచే ఎగ్జిక్యూటబుల్‌గా మార్చి) తెరిచేసరికి ఎర్రర్ 7 చూపిస్తుంది. ఫైలు దొరకలేదని దాని అర్థం. వెంటనే క్లాస్ (డేటాను, దానిపై పనిచేసే కోడ్‌ను కలిపి ఉంచేది) ఫోల్డర్లన్నీ ఎత్తి ఎగ్జిక్యూటబుల్ పక్కన పడేసేవారిని చాలామందిని చూశాను. అలా చేయకండి.

ముందు తేలికైనవి. ప్రాజెక్ట్ విండోలో హెచ్చరిక గుర్తున్న ఫైళ్లేవో చూసి సరిచేయండి. ఇకపై ఫైళ్లను జరపాలంటే అదే విండోలోని ఫైల్స్ ట్యాబ్‌లో జరపండి, విండోస్ ఫోల్డర్లలో కాదు. బిల్డ్ మధ్యలోనే 1502 వచ్చి ఆగితే అది వేరే జబ్బు: ఎక్కడో ఒక వీఐ (ల్యాబ్‌వ్యూ ప్రోగ్రామ్ ఫైలు) విరిగి ఉంది, అంటే నడపలేని తప్పుతో ఉంది.

అసలు చిక్కు పిల్ల క్లాసులది, అంటే తల్లి క్లాసు గుణాలను అందుకుని తయారైనవాటిది. బిల్డర్ (ఎగ్జిక్యూటబుల్‌ను తయారుచేసే సాధనం) స్టార్టప్ వీఐతో, అంటే మొదట నడిచే వీఐతో, మొదలుపెట్టి, డయాగ్రమ్‌లో నేరుగా ముడిపడి ఉన్నవాటినే వెంట తీసుకెళ్తుంది. ప్రోగ్రామ్ నడిచే సమయంలో పిల్ల క్లాసును పాత్ (ఫైలు ఉన్న చోటు) ఇచ్చి లోడ్ చేస్తున్నారా? ఆ పాత్ బిల్డర్ కంటికి ఉత్త అక్షరాల వరుస. తల్లి క్లాసు వచ్చినంత మాత్రాన పిల్లలు వెంట రావు.

బిల్డ్ స్పెసిఫికేషన్‌లో (బిల్డ్ ఎలా జరగాలో చెప్పే అమరికలో) సోర్స్ ఫైల్స్ పేజీకి వెళ్లి ఆ క్లాసులను ఆల్వేస్ ఇన్‌క్లూడెడ్ జాబితాలో చేర్చండి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి మళ్లీ అదే ఎర్రర్ తెచ్చుకుంటారు. క్లాస్ లోపలికి చేరింది నిజమే, కానీ పాత్ మారింది. 2009 వెర్షన్ నుంచి ఎగ్జిక్యూటబుల్ లోపల కూడా ఫోల్డర్ల అమరిక అలాగే ఉంటుంది. పాత్‌లో ఎగ్జిక్యూటబుల్ పేరే ఒక ఫోల్డర్‌లా నిలుస్తుంది. అప్లికేషన్ డైరెక్టరీ (ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌ను చెప్పే ఫంక్షన్) ఇచ్చే పాత్‌లో మాత్రం ఆ పేరు ఉండదు. కాబట్టి దానికి క్లాస్ పేరు తగిలిస్తే ఫైలు లేని చోట వెతికినట్టే. పాత్‌ను కరెంట్ వీఐ పాత్ (ఆ కోడ్ ఉన్న వీఐ సొంత పాత్) నుంచి లెక్కగట్టండి, లేదా ఆ క్లాసులకు డెస్టినేషన్‌గా బయటి ఫోల్డర్ ఇవ్వండి.

నా పద్ధతి ఇంకా సులువు. పిల్ల క్లాసులు ముందే తెలిసినప్పుడు పాత్‌ల జోలికే వెళ్లను. ఒక కేస్ స్ట్రక్చర్‌లో (విలువను బట్టి ఒక దారిని ఎంచుకునే నిర్మాణంలో) ఒక్కో కేసులో ఒక్కో క్లాస్ కాన్‌స్టంట్ పెడతాను. అప్పుడు అవి డయాగ్రమ్‌లో నేరుగా ముడిపడి ఉంటాయి కాబట్టి బిల్డర్ వెంట తీసుకెళ్తుంది. కొత్త క్లాస్ వస్తే మళ్లీ బిల్డ్ చేయాలి, నిజమే. విడిగా పంపే ప్లగిన్లు (తర్వాత జోడించే భాగాలు) లేనివారికి అది నష్టమే కాదు. పాత్‌లతో లోడ్ చేయడమే గొప్ప డిజైన్ అనుకునేవారు నాకు ఎప్పుడూ అర్థం కారు.

బిల్డ్ అయ్యాక సోర్స్ ఫోల్డర్ పేరు మార్చి ఎగ్జిక్యూటబుల్‌ను నడపండి. పేరు మార్చకపోతే, పూర్తి పాత్ ఎక్కడైనా రాసి ఉన్నా మీ కంప్యూటర్లో సోర్స్ దొరుకుతుంది కాబట్టి తప్పు బయటపడదు. ఇది దాటాకే, ల్యాబ్‌వ్యూ లేకుండా రన్‌టైమ్ ఇంజన్ (బిల్డ్ అయిన ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రమే ఉన్న మరో కంప్యూటర్‌కు కాపీ చేయండి.