స్ఫింక్స్‌లో ఉమ్మడి పదాల ఫైలు పెట్టేముందు జాగ్రత్తలు

డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే టూల్ స్ఫింక్స్‌లో సంస్థ పేరు, వెర్షన్ నంబరు లాంటివి ఒకేచోట రాసి అన్ని పేజీల్లో వాడుకోబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

☐ రీప్లేస్‌తో (ఒక పేరు బదులు ఏ పదం రావాలో చెప్పే ఆదేశం) ఇచ్చిన నిర్వచనం ఆ ఒక్క ఫైలుకే చెల్లుతుంది. అన్నిటికీ కావాలంటే కాన్ఫ్ డాట్ పీవైలో (సెట్టింగుల ఫైలు) ఆర్‌ఎస్‌టీ_ప్రోలాగ్‌లో (ప్రతి ఫైలు మొదట్లో చేరే పాఠం) పెట్టాలి, లేదా ఉమ్మడి ఫైలును ప్రతి ఫైల్లో ఇన్‌క్లూడ్ చేయాలి, అంటే లోపలికి తెచ్చుకోవాలి. రెండూ కలిపితే ఒకే పేరు రెండుసార్లు వచ్చి ఎర్రర్ వస్తుంది.

☐ ఇన్‌క్లూడ్ చేసే ఫైలుకు డాట్ ఆర్‌ఎస్‌టీ తగిలించకండి. స్ఫింక్స్ దాన్ని విడి పేజీ అనుకుంటుంది. అందులో లేబుళ్లుంటే (లింకుల కోసం పెట్టే పేర్లు) డూప్లికేట్ హెచ్చరికలు అదనం. డాట్ టీఎక్స్‌టీ చాలు.

☐ వేర్వేరు ఫోల్డర్లలో పేజీలుంటే ఇన్‌క్లూడ్‌లో ఫైలు దారిని స్లాష్‌తో మొదలుపెట్టండి. సోర్స్ ఫోల్డర్ నుంచి లెక్క.

☐ తెలుగు పేజీల్లో అసలు తలనొప్పి విభక్తులు. నిర్వచించిన పేరును నిలువు గీతల మధ్య రాస్తాం; |వెర్షన్|లో అని అతికిస్తే స్ఫింక్స్ గుర్తించదు, నిలువు గీతలు అలాగే అచ్చవుతాయి. రెండో గీత తర్వాత బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ, ఆపైన "లో". అచ్చులో ఆ ఖాళీ కనపడదు.

☐ కోడ్ బ్లాకుల్లో ఈ పేర్లు మారవు. ఇన్‌స్టాల్ కమాండ్లలో వెర్షన్ చేత్తో రాసి ఉంటే వాటి జాబితా పెట్టుకోండి.

☐ బిల్డ్‌కు (పేజీలు తయారుచేసే కమాండ్) మైనస్ పెద్ద డబ్ల్యూ ఇవ్వండి, హెచ్చరికలను ఎర్రర్లుగా లెక్కిస్తుంది. లేకపోతే నిర్వచనం లేని పేరున్నా బిల్డ్ పూర్తయిపోతుంది, తప్పు పేజీలోకి ఎక్కుతుంది.