మంచం పట్టిన మనిషిని తిప్పే పద్ధతి

ఒంగోలు, నెల్లూరు ఆసుపత్రుల్లో సిస్టర్ "సెమీ ఫౌలర్స్‌లో పెట్టు" అంటే తల వైపు మంచాన్ని 30 నుంచి 45 డిగ్రీలు లేపమని. ఫౌలర్స్ అంటే 45 నుంచి 60. సుపైన్ వెల్లకిలా, ప్రోన్ బోర్లా, లేటరల్ పక్కకి. ముక్కు ట్యూబ్‌లో గంజి పోసేటప్పుడు, పోశాక కనీసం అరగంట తల ఎత్తులోనే ఉండాలి. లేకుంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. ఒక్కరే చంకల్లో చేతులేసి పైకి ఈడ్వొద్దు. చర్మం పరుపుకి అతుక్కునే ఉంటుంది, లోపలి ఎముక జరుగుతుంది; పుండు మొదలయ్యేది అక్కడే. భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద డ్రా షీట్ (పట్టుకుని మనిషిని జరిపేందుకు అడ్డంగా వేసే దుప్పటి) వేయండి, మడతపెట్టిన దుప్పటైనా చాలు. మంచం చదును చేసి, బ్రేకు వేసి, "తాతా, పైకి జరుపుతున్నాం" అని చెప్పి, ఇద్దరూ చెరోవైపు అంచు చుట్టి పట్టుకుని ఒకేసారి లేపి జరపండి.

పక్కకి తిప్పినప్పుడు 30 డిగ్రీలే వాల్చి వీపు వెనక దిండు పెట్టండి. మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి. మడమలు పరుపుకి తగలకూడదు.

తిప్పిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు చూడండి. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు త్వరగా కనపడదు. వేడిగా, గట్టిగా తగిలితే అనుమానించాల్సిందే. అక్కడ రుద్దొద్దు, ఆ పక్క పడుకోబెట్టొద్దు, సిస్టర్‌కి చెప్పండి. ఎండాకాలం ఒట్టి రెక్సిన్ మీద పడుకోబెడితే చెమటకి చర్మం నానిపోతుంది, పైన నూలు దుప్పటి తప్పనిసరి.

పక్షవాతం వచ్చినవాళ్లని మంచం మీంచి దించేటప్పుడు కుర్చీ వాళ్ల ఒళ్లు బాగున్న వైపే పెట్టండి. పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారుతుంది.