ట్రావెల్స్ కొంటున్నారా? ముందు చూసుకోవాల్సినవి, తర్వాత పెట్టాల్సిన దరఖాస్తులు

హన్మకొండలోనో కాజీపేటలోనో నడుస్తున్న ట్రావెల్స్‌ను మొత్తంగా కొనేస్తే బోర్డుతో పాటు లైసెన్సులన్నీ మన పేరు మీదికి వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. జీఎస్టీకి ఒక ఆఫీసు, బండ్లకు ఇంకో ఆఫీసు, టికెట్ల ఐడీలకు మరో దారి. అందుకే బయానా ఇవ్వకముందే ఏది ఎవరి పేరు మీద ఉంది, దాని మీద ఎంత బాకీ ఉందో చూసుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఒక్క ఓనర్ పేరు మీద నడిచే ప్రొప్రయిటర్‌షిప్ గురించే, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఆ లెక్క వేరు.

ముందు జీఎస్టీ. పాత నంబర్ అమ్మేవాళ్ల పాన్ మీద ఉంటుంది కాబట్టి అది మీకు రాదు. వ్యాపారం చేతులు మారిన 30 రోజుల్లోపు పాన్, ఆధార్, ఫోటో, షాపు కిరాయి అగ్రిమెంట్, కరెంటు బిల్లు పెట్టి పోర్టల్‌లో కొత్త రిజిస్ట్రేషన్‌కు అప్లై చేయాలి, కారణం అడిగిన చోట వ్యాపార బదిలీ అని పెట్టాలి. పాత ఖాతాలో క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోనిది) మిగిలి ఉంటే అమ్మేవాళ్లు సీఏ సర్టిఫికెట్‌తో ఐటీసీ-02 ఫారం వేయాలి, మీరు మీ లాగిన్‌లో యాక్సెప్ట్ చేయాలి, ఆ తర్వాతే వాళ్ల నంబర్ రద్దుకు పెట్టించండి. అసలు టెన్షన్ ఇవేవీ కాదు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 85వ సెక్షన్ ప్రకారం బదిలీ నాటి వరకు ఉన్న పన్ను, వడ్డీ, పెనాల్టీలకు అమ్మినవాళ్లతో పాటు కొన్నవాళ్లూ బాధ్యులే, బాకీ తర్వాత ఎప్పుడో తేలినా సరే. పోర్టల్‌లో జీఎస్టీ నంబర్ కొట్టి రిటర్నులు టైమ్‌కు వేశారో లేదో ఎవరైనా చూడొచ్చు. నోటీసులు మాత్రం వాళ్ల లాగిన్‌లోనే కనిపిస్తాయి, ఎదురుగా కూర్చుని తెరిపించండి, మొహమాటపడితే మునిగేది మీరే.

బండ్లు మీ పేరు మీదికి మారాలంటే ఆర్టీఏలో ఫారం 29, 30 పెట్టాలి. ఫైనాన్స్ తీరిపోయి ఉంటే ఆర్సీలోంచి ఆ ఫైనాన్స్ తీసేయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ కూడా కావాలి. రాష్ట్రంలోపల అమ్మకమైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలపాలి, ఇన్సూరెన్స్ పేరు మార్పుకు కొన్నవాళ్లకు 14 రోజులే గడువు. ఆర్సీ మారింది కదా అని పర్మిట్ కూడా మారిపోదు, దాన్ని ఇచ్చిన రవాణా అధికారి అనుమతి విడిగా తీసుకోవాలి. పన్ను, ఫిట్‌నెస్, పెండింగ్ చలాన్లు బండి నంబర్ వారీగా చూడండి.

రైలు టికెట్లు చేస్తున్నారంటే అధీకృత ఏజెంట్ ఐడీనా, సొంత ఐడీతో కొట్టి అమ్ముతున్నారా అని అడగండి. రెండోది రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల వరకు జైలు పడొచ్చు.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు అయితే ఇంకో సంగతి ఉంది. గల్ఫ్ టికెట్లు అమ్మడం వేరు, గల్ఫ్‌కు పనికి మనుషులను పంపడం వేరు. రెండోదానికి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిక్రూటింగ్ ఏజెంట్ సర్టిఫికెట్ ఉండాలి, కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు వెతకండి. పేరు లేకుండా సొరుగులో పాస్‌పోర్టులు, వీసా అడ్వాన్సుల చిట్టా కనిపిస్తే బేరం అక్కడే ఆపేయండి, రేపు ఆ మనుషులు వచ్చి నిలబడేది మీ షాపు ముందే.

ఆదాయం చూపించేటప్పుడు మేడారం జాతర నెల లెక్క ముందు పెడతారు. జాతర రెండేళ్లకోసారి, మామూలు ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. కాశీకో శబరిమలకో అడ్వాన్స్ కట్టి ఇంకా బయల్దేరని వాళ్ల లిస్టు రాయించుకుని, ఆ డబ్బు ధరలోంచి తగ్గించుకోండి.

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ షాపు రిజిస్ట్రేషన్ పెద్ద పని కాదు, జీఎస్టీ నంబర్ వచ్చాక చూసుకోవచ్చు. డబ్బు మాత్రం ఒకేసారి ఇవ్వకండి. నంబర్ రద్దయ్యాక అమ్మినవాళ్లు మూడు నెలల్లోపు జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్న్ వేయాలి, ఆ రశీదు చూపించాకే ఆఖరి విడత ఇస్తామని అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.