వెస్నోత్ ఆటలో మీదికి దూకే కంప్యూటరును ఎదుర్కోవడం ఎలా

బ్యాటిల్ ఫర్ వెస్నోత్ 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఉచిత వ్యూహక్రీడ. ఆరు పలకల గడుల మీద, వంతులవారీగా సైన్యాలను నడిపే ఈ ఆట పాత లాప్‌టాప్ మీద కూడా సాఫీగా నడుస్తుంది కాబట్టి హాస్టలు గదుల్లో దీనికి ఆదరణ ఉంది. కావలిలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు నెల్లూరు వచ్చినప్పుడు, ఒకే యుద్ధంలో వరుసగా నాలుగుసార్లు ఓడిపోయి, "ఇది మోసం మామా, మనిషన్నవాడు ఇట్టా ఆడడు" అన్నాడు. అతని మాటలో రెండో సగం నిజం. కంప్యూటరు మనిషిలా ఆడదు. అది ఎలా ఆడుతుందో తెలిస్తే, దాని దూకుడే దాన్ని ఓడించడానికి పనికొస్తుంది.

కంప్యూటరు ప్రతి వంతులోనూ తన ముందున్న పనులకు విలువ కట్టి, అన్నిటికంటే ఎక్కువ విలువ వచ్చినదాన్ని ముందు చేస్తుంది. ఆ వరుసలో దాడికి ఇచ్చిన స్థానం, ముందుకు నడవడానికి ఇచ్చిన స్థానం కంటే చాలా పైన ఉంటుంది. దాడికి విలువ కట్టేటప్పుడు ఆగ్రెషన్ (దూకుడు) అనే అంకె ఒకటి పనిచేస్తుంది. మామూలుగా అది 0.4 ఉంటుంది, అంటే కంప్యూటరు తనకు జరగబోయే నష్టాన్ని అరవై శాతంగా మాత్రమే లెక్క వేసుకుంటుంది. అదే 1కి పెంచితే తన నష్టాన్ని లెక్కలోకే తీసుకోదు. ఇక వచ్చే వంతులో మనం ఏం చేస్తామన్నది దాని ఆలోచనలో దాదాపుగా ఉండదు. అందువల్ల ఈ వంతులో దానికి ఏ దాడి అందుబాటులో ఉండాలో, ఎక్కడ ఉండాలో, ఎంతమంది చేయగలగాలో నిర్ణయించే అవకాశం మన చేతిలోనే ఉంటుంది.

మొదట నేల సంగతి చూడాలి. మా వాడి సైన్యంలో ఎక్కువమంది స్పియర్‌మ్యాన్‌లు. ఒక్కొక్కరికి 36 ప్రాణాంశాలు (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణం లెక్క) ఉంటాయి, ఈటెతో 7 చొప్పున మూడు పోట్లు పొడుస్తారు. ఎదుటివాళ్లు ఆర్క్ అనే రాక్షసజాతికి చెందిన గ్రంట్‌లు, అంటే మామూలు కాల్బలం. వాళ్లకు 38 ప్రాణాంశాలు, 9 చొప్పున రెండు వేట్లు. రాత్రి అయితే ఆర్క్‌ల బలం 25 శాతం పెరిగి ఒక్కో వేటు 11 అవుతుంది. అంటే మన స్పియర్‌మ్యాన్ చావాలంటే నాలుగు వేట్లు తగలాలి. అతను చదును నేల మీద నిలబడితే ప్రతి వేటూ తగిలే అవకాశం 60 శాతం. ముగ్గురు గ్రంట్‌లు కలిసి వేసే ఆరు వేట్లలో కనీసం నాలుగు తగిలే అవకాశం లెక్క కడితే సుమారు 54 శాతం వస్తుంది. అదే మనిషిని కోట గడిలోనో, ఊరి గడిలోనో, పర్వతం మీదనో నిలబెడితే ఒక్కో వేటు తగిలే అవకాశం 40 శాతానికి పడిపోతుంది, అతను చచ్చే అవకాశం 18 శాతానికి తగ్గుతుంది. పైగా అతని మీదికి ముగ్గురు కాక ఇద్దరే రాగలిగేలా చూస్తే, నాలుగు వేట్లూ తప్పకుండా తగిలితే తప్ప అతను చావడు, ఆ అవకాశం రెండున్నర శాతం మాత్రమే. మా వాడు తన మనుషులను వాగుకు ఇవతల చదును మీద విడివిడిగా నిలబెట్టి, సగానికి సగం చావును తానే కొనితెచ్చుకుని, ఆ నిందను కంప్యూటరు మీద వేశాడు. ఉదయగిరి దుర్గం ఎక్కినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. గజపతుల చేతిలో ఉన్న ఆ కొండకోట 1514లో లొంగేదాకా కృష్ణదేవరాయల సైన్యం ఏడాదికి పైగా దాని చుట్టూ కాచుకుని ఉండవలసి వచ్చింది.

మీదికి ఇద్దరే వచ్చేలా చూడడం వరుస కట్టడంలో ఉంది. ఈ ఆటలో గడులు నిలువు వరుసల్లో పేర్చి ఉంటాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి మనుషులను ఒకరి కింద ఒకరిని నిలబెడితే, ప్రతి ఒక్కరికీ ఎదుటివైపు సరిగ్గా రెండు గడులే తెరిచి ఉంటాయి. తూర్పు పడమరలుగా నిలబెడితే మాత్రం వరుస వంకరటింకరగా సాగుతుంది. ముందుకు పొడుచుకు వచ్చిన మనిషి మీదికి ముగ్గురు రాగలరు, వెనక్కి తగ్గిన మనిషి మీదికి ఒక్కరే రాగలరు. కాబట్టి అటువంటి చోట ముందు గడిలో దిట్టమైనవాణ్ణి, వెనక గడిలో గాయపడినవాణ్ణి ఉంచాలి. వరుస కొసలను నదికో, కొండకో, కోటగోడకో ఆనించాలి, లేకపోతే శత్రువు చుట్టుతిరిగి వస్తాడు. సరిపడా మనుషులు లేనప్పుడు ఇద్దరి మధ్య రెండు గడులు ఖాళీ వదిలినా పరవాలేదు. మన మనిషి పక్క గడిలో అడుగుపెట్టిన శత్రువు అక్కడే ఆగిపోవాలన్నది ఆట నియమం కనుక, ఆ సందులోంచి ఎవరూ ఒకే వంతులో దాటి పోలేరు. స్కిర్మిషర్ గుణం, అంటే శత్రువుల మధ్య నుంచి జారిపోయే నేర్పు, ఉన్నవారికి ఈ నియమం వర్తించదు. సున్నా లెవెల్ యూనిట్లు, అంటే అన్నిటికంటే కింది స్థాయి సైనికులు, ఇలా ఎవరినీ ఆపలేవు కనుక వాటిని నమ్ముకుని సందు వదలకూడదు. చెరువు తూము దగ్గర నీళ్లు వదిలినట్టు, శత్రువు మనం వదిలినంతే రావాలి.

వీలుంటే వరుసను నది ఒడ్డున కట్టడం ఇంకా మంచిది. లోతులేని నీళ్లలో నిలబడ్డ గ్రంట్‌కు వేటు తప్పించుకునే అవకాశం 20 శాతమే. దాడి అందుబాటులో ఉంటే కంప్యూటరు చాలాసార్లు నీళ్లలోకి కూడా దిగుతుంది.

తరువాతది వేళ. ఆటలో రోజుకు ఆరు వంతులు: తెల్లవారుజాము, రెండు పగటి వంతులు, మునిమాపు, రెండు రాత్రి వంతులు. పగటిపూట మన స్పియర్‌మ్యాన్ పోటు 9 అవుతుంది, గ్రంట్ వేటు 7కు దిగుతుంది. రాత్రి మన పోటు 5, వాడి వేటు 11. మామూలుగా మొదటి వంతు తెల్లవారుజాముతో మొదలవుతుంది కాబట్టి, రెండు సైన్యాలూ ఒకదానికొకటి పరుగెత్తితే నాలుగు, అయిదు వంతులకు, అంటే సరిగ్గా చీకటి పడేవేళకు తలపడతాయి. కొత్తవారు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. మొదటి మూడు వంతులూ రాబడినిచ్చే ఊళ్లను పట్టుకోవడానికి వాడుకుని, నాలుగో వంతులో వెనక్కి తగ్గి కోటలోనో, గుట్ట మీదనో వరుస కట్టి, అయిదు, ఆరు వంతుల్లో అవసరం లేని దాడి ఒక్కటి కూడా చేయకుండా ఓర్చుకోవాలి. కంప్యూటరు పొద్దుపొడిచేదాకా ఆగి మళ్లీ ఆలోచించుకునే రకం కాదు, చాలావరకు వచ్చినవాళ్లు వచ్చినట్టే మీద పడుతుంటారు. ఏడో వంతులో తెల్లవారేసరికి వాళ్లలో సగంమంది గాయాలతో మన వరుస ముందే నిలబడి ఉంటారు. ఎనిమిది, తొమ్మిది వంతులు మనవి.

రాత్రంతా ఓర్చుకోవడమంటే ఉన్నచోటే చావడం కాదు. సగానికి పైగా ప్రాణం పోయినవాణ్ణి వెనక్కి తీసి ఊరి గడిలో పెడితే వంతుకు 8 ప్రాణాంశాలు తిరిగి వస్తాయి. అతని స్థానంలోకి తాజా మనిషి రావాలి కాబట్టి ఇద్దరు ముగ్గురిని మొదటి నుంచే వరుస వెనుక ఉంచుకోవాలి. వంతు ముగించే ముందు కంట్రోల్, వి మీటలు కలిపి నొక్కితే శత్రువులు ఎక్కడిదాకా రాగలరో తెర మీద కనిపిస్తుంది. ఆ పరిధిలో ఒంటరిగా మిగిలిన గాయపడ్డ మనిషి ఉన్నాడేమో చూసుకోవడానికి పది సెకన్లు చాలు. మా వాడు ఆ పది సెకన్లు ఎప్పుడూ పెట్టలేదు.

మన నాయకుడు కూడా ఎరగా పనికొస్తాడు. ఏ గమ్యం వైపు నడవాలో ఎంచుకునేటప్పుడు కంప్యూటరు ఊరికి 1 విలువ కడితే, ప్రత్యర్థి నాయకుడికి 3 కడుతుంది, ఆపైన దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. నాయకుణ్ణి వరుస మధ్యలో, వెనక గడిలో కనిపించేలా ఉంచితే శత్రుసైన్యం ఆ వైపుకే మొగ్గుతుంది, పక్కనున్న మన ఊళ్లు కొంతవరకు నిశ్చింతగా ఉంటాయి. అతని ముందు వరుస తెగకూడదు, అది ఒక్కటే షరతు.

ఇదంతా ఆర్క్‌ల మీద చెప్పిన లెక్క. అస్థిపంజరాల దళం వస్తే ఈటెలను నమ్ముకోకూడదు. వాటి మీద పొడిచే ఆయుధం బలం 60 శాతం తగ్గుతుంది కనుక, 7 పోటు 3గా మిగులుతుంది. గద పట్టిన హెవీ ఇన్‌ఫాంట్రీ (బరువైన కవచం తొడిగిన సైనికుడు) వేటు 11 మాత్రం వాటి మీద 13 అవుతుంది. నడక నెమ్మది, ఖరీదు 19 బంగారం, అయినా ఇద్దరుంటే చాలు.

తొలి అల విరిగాక కంప్యూటరు దగ్గర డబ్బు మిగలదు. చేతిలో ఉన్న బంగారమంతా మొదటి వంతుల్లోనే సైన్యం మీద పెట్టేయడం దాని అలవాటు. ఆ తర్వాత దాని రాబడి ఊళ్ల మీదే ఆధారపడుతుంది కాబట్టి, ఎదురుదాడిలో ముందుగా దారిలోని ఊళ్లను పట్టుకోవాలి. చాలా యుద్ధాలకు వంతుల గడువు ఉంటుంది, గెలిచిన పగటిని కోలుకోవడానికే వాడుకుంటే గడువు దాటిపోతుంది. గాయపడినవాళ్లను వెనక వదిలి, మిగిలినవాళ్లతో వెంటనే కదలాలి.

శత్రు నాయకుడు కోటలో 60 శాతం రక్షణతో కూర్చుంటాడు. స్పియర్‌మ్యాన్ పోటు అతనికి తగిలే అవకాశం 40 శాతమే. మేజ్ (మంత్రగాడు) వేసే మంత్రం మాత్రం ఏ నేల మీదనైనా 70 శాతం తగులుతుంది కాబట్టి, ఇద్దరు మేజ్‌లను దారి పొడుగునా కాపాడుకుంటూ తీసుకెళ్లి పగటివేళకు అక్కడికి చేర్చాలి. వాళ్లు చేరేలోపు, అతని చుట్టూ ఉన్న కోట గడుల్లో ఎన్ని వీలైతే అన్నిటిలో మన మనుషులను నిలబెట్టాలి. కొత్త యూనిట్ దిగడానికి ఖాళీ కోట గడి కావాలి, అది లేకపోతే కంప్యూటరు చేతిలో బంగారం ఉన్నా ఒక్కణ్ణి కూడా దించలేదు.