వైరల్ వీడియో కింద తిట్టే ముందు

అమీర్‌పేట్‌లో రాంగ్ రూట్‌లో వచ్చిన బైకతను గొడవపడుతున్న వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో పడిందనుకోండి. చెయ్యి దురద పెడుతుంది. సహజమే, 2004లో జ్యూరిక్ పరిశోధకులు, మోసం చేసినవాణ్ని శిక్షిస్తున్నవాళ్ల మెదడుని స్కాన్ చేస్తే, ఏదైనా ప్రతిఫలం దక్కేటప్పుడు పనిచేసే స్ట్రయాటమ్ భాగమే చురుగ్గా కనిపించింది. అలాగని 'నేనేం చేయను, అంతా డోపమైన్' (ఆ భాగంలో పనిచేసే మెదడు రసాయనం) అని చేతులు దులుపుకుంటే కుదరదు.

ముందు ఫోన్ పక్కన పడేసి టీ తాగి రండి. తర్వాత చూడండి: ఆ వీడియో ఎప్పటిది, అసలు మన సిటీదేనా, గొడవ ఎక్కడ మొదలైందో ఉందా, మధ్యలోంచి కోశారా? తప్పు నిజమే అనిపిస్తే బండి నంబర్ కనిపించే క్లిప్ ట్రాఫిక్ పోలీసులకు పంపండి. అతని ఆఫీసు, ఇంటి అడ్రస్ తవ్వేవాళ్లకి మాత్రం తోడు వెళ్లకండి.

'వాళ్ల జీన్స్‌లోనే ఉంది', 'ఆ ఏరియా రక్తమే అంత' లాంటి కామెంట్లకి లైక్ కూడా కొట్టొద్దు (ఇవి సైన్స్ ముసుగేసుకున్న తిట్లు, అంతే). రాంగ్ రూట్‌లో వెళ్లడానికి జన్యువులు అక్కర్లేదు, యూటర్న్ దూరంగా ఉంటే చాలు.

ఫార్వర్డ్ చేసింది పెదనాన్న అయితే, విడిగా ఫోన్ చేసి 'పెదనాన్నా, ఇది పాత వీడియో అండీ, తీసేయండి' అనండి. గ్రూపులో అంటే ఆయన చచ్చినా తీయరు.